కలెక్టరైన సర్పంచి

2020 ఏప్రిల్ 19 నాటికి దేశం కరోనాకు తలుపులేసుకుని నాలుగో వారం నడుస్తోంది. ఆ రోజు ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ఒక ప్రకటన చేశారు. వార్తల హోరులో అది మన దాకా పెద్దగా రాలేదు. రాష్ట్రంలోని 6,798 గ్రామ పంచాయతీల సర్పంచులకు, వాళ్ల వాళ్ల పంచాయతీ హద్దుల్లో, జిల్లా కలెక్టరు అధికారాలు ఇచ్చారు. బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లవాళ్లు చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని బయటికి తీసి, దాని కింద కట్టబెట్టిన అధికారం అది. బయటినుంచి వచ్చినవాణ్ని ఊరి బడిలో ఉంచాలన్నా, చెప్పకుండా జారుకున్నవాడి మీద చర్యకు పూనుకోవాలన్నా ఇక సర్పంచి మాట చెల్లుతుంది.

గంజాం జిల్లాలో పంచాయతీలు 503. ఛత్రపురంలో కూర్చునే కలెక్టరుకు తోడు రాత్రికి రాత్రి ఇంకో 503 మంది కలెక్టర్లు తయారయ్యారన్నమాట. ఒడిశాలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లకు కేటాయించారు. కాబట్టి ఈ కొత్త కలెక్టర్లలో సగం మంది ఆడవాళ్లే. (వాళ్లలో ఎందరి అధికారం వాళ్ల చేతుల్లో ఉంది, ఎందరిది మొగుడి జేబులో ఉంది అన్నది మన పల్లెలు తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.)

మహమ్మారి వచ్చినప్పుడు సర్కారు బాధ్యత ఎంత, జనం బాధ్యత ఎంత? టీవీ చర్చల్లో ఈ ప్రశ్న రెండు ముక్కలుగా తెగిపోతుంది. ప్రభుత్వం చేతులెత్తేసిందని ఒకాయన, జనానికి బుద్ధి లేదని ఇంకొకాయన. గంజాంలో ఆ ఏడాది జరిగింది చూస్తే ఈ రెండింటి నడుమ ఇంకో మనిషి కనిపిస్తాడు. గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డ మనిషి. ఆ మనిషి ఎవరు, అతని చేతిలో లాఠీ ఉందా, రసీదు పుస్తకం ఉందా, అన్నం గిన్నె ఉందా అన్నదాన్ని బట్టే జనం మాట విన్నారు, లేదా తప్పించుకుని తిరిగారు.

సూరత్ బండి

గంజాం కథ సూరత్‌తో మొదలుపెట్టాలి. ఆస్కా, పొలసర, కవిసూర్యనగర్, పురుషోత్తంపూర్, హింజిలి, భంజానగర్ చుట్టుపక్కల పల్లెల్లోంచి తరాలుగా మగవాళ్లు సూరత్ మరమగ్గాల మీద పనికి పోతున్నారు. అక్కడున్న ఒడియా కార్మికులు ఆరు నుంచి ఎనిమిది లక్షల దాకా ఉంటారని అంచనా. అందులో అత్యధికులు ఈ ఒక్క జిల్లా వాళ్లు. పన్నెండు గంటల షిఫ్టు. పగటి షిఫ్టు వాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టు వాడు వచ్చి పడుకుంటాడు. ఒకే మెస్సు గదిలో పదుల మంది. దూరం పాటించండి అని ప్రధాని టీవీలో చెప్పినప్పుడు, ఆ గదుల్లో ఉన్నవాళ్లకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. మామూలు రోజుల్లో సగం మంది పనిలో ఉంటేనే సగం మందికి పడుకోవడానికి చోటు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి, అందరూ ఒక్కసారే గదిలో పడ్డారు.

మార్చి 24 రాత్రి నాలుగు గంటల గడువిచ్చి దేశాన్ని ఆపేశారు. కూలి ఆగింది. రైళ్లు లేవు. ఏప్రిల్ 10న సూరత్ లస్కాణా ప్రాంతంలో కార్మికులు రోడ్డెక్కారు. ఊరికి పంపండి, కూలి డబ్బులు ఇప్పించండి అన్నది వాళ్ల గోడు. బండ్లకు నిప్పు పెట్టారు, పోలీసులు పదుల మందిని పట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఒడిశా వాళ్లే. బాధ్యత లేని గుంపు అని ఆ రోజు చాలామంది తిట్టారు. రెండు వారాలకు పైగా కూలి లేకుండా, అప్పు మీద బతుకుతున్న మనిషి నుంచి ఏ పౌర బాధ్యత ఆశించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మే మొదటి వారంలో రైళ్లు కదిలాయి. సూరత్ నుంచి వచ్చిన మొదటి శ్రామిక్ బండి మే 3న బరంపురం దగ్గరి జగన్నాథ్‌పూర్ స్టేషన్లో ఆగింది. టికెట్ డబ్బు కేంద్రం ఇచ్చిందా, రాష్ట్రం ఇచ్చిందా అని ఢిల్లీలో వాదులాట నడుస్తుండగా, చాలామంది తమ జేబులోంచే కట్టుకుని వచ్చారు. బస్సుల్లో వచ్చినవాళ్లు వేరే. ఒక బస్సు గంజాం, కంధమాల్ సరిహద్దులో కళింగ ఘాట్ దగ్గర బోల్తా పడి ఇద్దరు చనిపోయారు. రోజులు లెక్కపెట్టుకుంటూ ఇంటికొస్తున్నవాళ్లు, ఇంకో రెండు మూడు గంటల దారి ఉండగా.

ఏప్రిల్ నెలాఖరు దాకా గంజాంలో ఒక్క కేసూ లేదు. మొదటి రెండు కేసులు మే 2న బయటపడ్డాయి. రెండూ సూరత్ నుంచి వచ్చినవాళ్లవే. అక్కడినుంచి లెక్క ఎక్కిపోయింది. మే 7న ఒడిశా హైకోర్టు, పరీక్షలో నెగెటివ్ వచ్చినవాళ్లనే రాష్ట్రంలోకి రానివ్వాలంది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. సొంతూరికి రావడానికి కూడా సర్టిఫికెట్ కావాలా అన్న ప్రశ్న ఒక్క రోజులో తేలిపోయింది గానీ, ఊళ్లలో తేలలేదు.

ఎందుకంటే ఊరి పొలిమేరలో వెదురు బొంగులు అడ్డం కట్టింది ప్రభుత్వం కాదు, ఊరివాళ్లే. గంజాం పల్లెల్లో కొత్త స్లాబు ఇళ్లు, గుడి గోపురాలు, ఆడపిల్లల పెళ్లిళ్లు సూరత్ డబ్బుతో లేచినవి. నెలనెలా ఆ డబ్బు అందుకున్న చేతులే దాన్ని పంపినవాడు వస్తుంటే బొంగు అడ్డం పెట్టాయి. ఇది గంజాం ఒక్కచోటి జబ్బు కాదు. 2020 వేసవిలో మన తెలుగు పల్లెలూ అదే చేశాయి, కంచెలేసి, గోతులు తవ్వి, ముళ్లకంపలు వేసి. భయం ఉంది, నిజమే. అయితే అడ్డం కట్టినవాళ్లు దాన్ని భయమని చెప్పుకోలేదు, ఊరి క్షేమమన్నారు. జనం బాధ్యత అని మనం గొప్పగా చెప్పుకునేదానికి ఇలాంటి మొహం కూడా ఉంటుంది.

రెండు వేల రూపాయలూ, రెండు పూటల అన్నమూ

సర్పంచికి ఇచ్చిన అధికారం అసలు పరీక్షకు నిలిచింది ఇక్కడే. కలెక్టరు మూడేళ్లకు బదిలీ అయిపోతాడు. సర్పంచి బదిలీ కాడు. తాను బడిలో పెట్టి తాళం వేయించాల్సినవాడు వరసకు అన్నో, బావమరిదో, తనకు ఓటేసినవాడో, వేయనివాడో. అటువైపు, రానివ్వొద్దని పట్టుబట్టేవాళ్లూ అదే ఊరు. ఇద్దరి మధ్యా నిలబడి, నువ్వు లోపలికి రా, ఈ బడి దాటి బయటికి మాత్రం పోకు అని చెప్పగలిగినవాడు ఊళ్లో వాడే కావాలి. పోలీసు చెబితే ఊరు రెండుగా చీలుతుంది.

అయితే అధికారం ఒక్కటే ఇచ్చి ఊరుకుని ఉంటే అది కాగితం మీదే మిగిలిపోయేది. దానికి తోడు డబ్బు వచ్చింది. క్వారంటైన్ పూర్తి చేసినవాడికి 2,000 రూపాయలు చేతికిచ్చారు. విదేశాల నుంచి వచ్చి పేరు నమోదు చేయించుకుని ఇంట్లో ఉన్నవాళ్లకు మార్చిలోనే 15,000 ప్రకటించారు. విమానం ఎక్కి వచ్చినవాడికి పదిహేను వేలు, రైలెక్కి వచ్చినవాడికి రెండు వేలు ఏమిటని అడగొచ్చు. అడగాల్సిందే. ఐనా ఆ రెండు వేలకు ఒక అర్థం ఉంది: నువ్వు ఇక్కడ కదలకుండా కూర్చోవడం కూడా పనే, దానికి కూలి ఉంటుంది అని సర్కారు ఒప్పుకోవడం. క్వారంటైన్ మొదట 14 రోజులు, సూరత్ కేసులు పెరిగాక 28 రోజుల దాకా పోయింది. కూలి మనిషికి నెల్లాళ్లంటే ఒక పంట అప్పు.

అన్నం పంచాయతీ వంటశాలల్లో మహిళా సంఘాల వాళ్లు వండారు. ఒడిశాలో మిషన్ శక్తి పేరుతో ఉన్న ఈ సంఘాలు మన డ్వాక్రాకు చుట్టాలే. వండింది, మాస్కులు కుట్టింది వాళ్లే. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగింది ఆశా, అంగన్‌వాడీ అక్కలు. పుస్తకాల్లో 'ప్రజా భాగస్వామ్యం' అని రాసుకునేది చివరికి తక్కువ డబ్బుకో, ఊరికేనో ఆడవాళ్లు చేసే పని అని ఇక్కడ ఇంకోసారి తేలింది. విధుల్లో చనిపోతే కొవిడ్ యోధులకు 50 లక్షల సాయం, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు అని రాష్ట్రం ప్రకటించింది. మే 30 సాయంత్రం వాళ్ల గౌరవార్థం అందరం 'బందే ఉత్కళ జనని' పాడదామని ముఖ్యమంత్రి పిలుపిచ్చారు, జనం మిద్దెలెక్కి పాడారు. పాట మంచిదే. నెలజీతం అంతకంటే మంచిది.

బాహుదా నదికి ఇటువైపు

బరంపురానికి ఇచ్ఛాపురం ఎంత దూరం? పొద్దున్న బస్సెక్కితే టిఫిను వేళకు చేరొచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇవి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టింది బరంపురంలో. నేటికీ బరంపురం బజార్లో తెలుగు తెలియకుండా వ్యాపారం సాగదు. గోపాల్‌పూర్ తీరంలో వల లాగే నొలియాల ఇంటి మాట తెలుగు. పెళ్లి సంబంధాలు, పట్టు బేరాలు, ఆస్పత్రి పనులు అన్నీ గీతకు అటూ ఇటూ ఉంటాయి. శ్రీకాకుళం సరిహద్దు పల్లెల వాళ్లు ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆస్పత్రికి అటు పోతారు, బరంపురం వాళ్లు పెద్ద జబ్బులకు విశాఖ ఇటు వస్తారు. 2020లో పురుషోత్తపురం, గిరిసోలా చెక్‌పోస్టుల దగ్గర గేటు పడగానే, చాలామందికి తాము రెండు రాష్ట్రాల వాళ్లమని మొదటిసారి గట్టిగా తెలిసింది.

ఈ గేటుకు రెండు వైపులా ఒకే జబ్బుకు రెండు రకాల ఏర్పాట్లు నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి సర్పంచులే లేరు. పాత పాలక వర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. ఎట్టకేలకు ప్రకటించిన స్థానిక ఎన్నికలను కరోనా కారణంగా 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం వాయిదా వేసింది. ముఖ్యమంత్రికీ, ఎన్నికల కమిషనరుకూ మధ్య యుద్ధమే జరిగింది, అది కోర్టుల దాకా పోయింది. పంచాయతీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మొదటి అల మొత్తం మన పల్లెలు ఎన్నుకున్న మనిషి లేకుండానే దాటాయి. వాళ్ల స్థానంలో ఉన్నది వాలంటీరు: యాభై ఇళ్లకు ఒకరు, నెలకు ఐదు వేల గౌరవ వేతనం, చేతిలో ఫోను. 2020 ఏప్రిల్‌లో రేషన్ కార్డు ఇంటికి వెయ్యి రూపాయలు తెచ్చిచ్చింది వాలంటీరే. విదేశాల నుంచి ఎవరొచ్చారు, ఎవరికి దగ్గు అని ఇంటింటికీ తిరిగి రాసుకున్నదీ వాలంటీరే, ఆశా కార్యకర్తతో కలిసి.

ఏది మేలు? సమాచారం చేరవేయడంలో, డబ్బు గుమ్మం ముందుకు తేవడంలో మన పద్ధతి చురుగ్గా ఉంది. అది ఒప్పుకోవాలి. కానీ వాలంటీరు పైనుంచి వచ్చింది కింద ఇస్తాడు, కింద కనిపించింది పైకి పంపుతాడు. ఊరి మధ్య నిలబడి తగవు తీర్చే అధికారం అతనికి లేదు, ఆ అధికారం ఊరు అతనికి ఇవ్వలేదు. సర్పంచితో పోట్లాడొచ్చు, వచ్చే ఎన్నికల్లో చూసుకుంటానని బెదిరించొచ్చు. వాలంటీరుతో పోట్లాడి లాభం లేదు, అతనూ నీలాగే ఆదేశం కోసం ఎదురుచూసేవాడు. ప్రభుత్వాన్ని గుమ్మం దాకా తేవడం ఒకటి, గుమ్మంలో నిలబడ్డ ప్రభుత్వాన్ని నిలదీయగలగడం ఇంకొకటి. ఆ ఏడాది ఇటువైపు మొదటిది దొరికింది, అటువైపు రెండోది కొంత దొరికింది.

ఈ కొరత ఎంత ఖరీదైనదో పలాసలో చూశాం. 2020 జూన్‌లో పలాస కాశీబుగ్గలో కొవిడ్‌తో చనిపోయిన ఒక పెద్దాయన శవాన్ని జేసీబీ తొట్టెలో వేసి శ్మశానానికి తీసుకెళ్లారు. వీడియో దేశమంతా తిరిగింది, మునిసిపల్ అధికారులిద్దర్ని సస్పెండ్ చేశారు. శిక్ష సరే. చుట్టుపక్కలవాళ్లు భయంతో దగ్గరికి రాని చావది. పలాస లాంటి ఊళ్లో మనిషి పోతే పాడె కట్టడానికి పిలవకుండానే వచ్చే వాడకట్టు ఉంటుంది. ఆ వాడకట్టు తలుపేసుకుంటే, అధికారులు యంత్రం తెచ్చుకుంటే, తప్పు ఇద్దరు ఉద్యోగుల మీద రాసి ఫైలు మూశారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ అందరి పిడికిళ్లూ ఇద్దరి నెత్తిన పోశారు.

తుపాను నేర్పింది, నేర్పనిది

ఒడిశా వాళ్లు ప్రభుత్వం చెప్పిన మాట ఎందుకు విన్నారు అంటే చాలామంది తుపాన్ల పేరు చెబుతారు. అందులో నిజముంది. 1999 అక్టోబరులో పది పన్నెండు రోజుల తేడాతో రెండు తుపాన్లు. మొదటిది గంజాం మీద పడింది, రెండోది, మహాతుపాను, జగత్‌సింగ్‌పూర్ వైపు దాటి దాదాపు పది వేల మందిని మింగింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే పది లక్షల మందిని ఖాళీ చేయించారు, చావులు పదుల్లో ఆగాయి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో శ్రీకాకుళం వాళ్లకు తెలుసు. సైరన్ మోగితే లేచి పోవాలి అన్నది గంజాం తీరంలో చిన్నపిల్లాడికీ తెలిసిన పాఠం.

కానీ తుపాను ఒక రాత్రి పని. బియ్యం మూట, పిల్లలు, ఆధార్ కార్డు పట్టుకుని షెల్టర్‌కు పోతే తెల్లారేసరికి గాలి తగ్గుతుంది. జబ్బు నెలలు కూర్చుంటుంది. పైగా తుపాను నేర్పిన అలవాటు పూర్తిగా ఎదురు దిశది: అందరూ ఒక్కచోటికి చేరండి, ఒకే కప్పు కింద పడుకోండి, ఒకే గంజి తాగండి. కరోనా వచ్చి ఆ కప్పు కిందే విడివిడిగా ఉండమంది. తుపాను షెల్టర్లుగా వాడిన బళ్లే క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. వినయం పాతదే, విద్య కొత్తది. అందుకే మేలో విన్న జనం జులైకి విసిగిపోయారు.

దేవుడి విషయంలోనూ ఇదే. బరంపురంలో రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. ఆ అమ్మవారి పుట్టిల్లు దేశి బెహెరా వీధి. అక్కడి తెలుగు మూలాలున్న దేరా నేతపనివాళ్లు రాజమండ్రి వైపు నుంచి మహురి రాజు పిలుపు మీద వచ్చారని చెబుతారు. అమ్మవారు ఆడపడుచులా ఆ వీధికే వస్తుంది. నెల రోజులు రాత్రిళ్లు ఘటాలు, వేషాలు, కిటకిటలాడే జనం. మశూచినే 'అమ్మవారు పోసింది' అని పిలుచుకున్న నేలమీద, అంటురోగం వస్తే జనం అమ్మవారి దగ్గరికే పోయేవారు. అలాంటిది 2019 తర్వాత ఆ జాతర మళ్లీ 2023లోనే జరిగింది. గుడి తలుపులు మూయడం ఆ జనానికి ఏ జరిమానా కంటే పెద్ద మాట. దానికి ఒప్పుకున్నవాళ్లను బాధ్యత లేనివాళ్లనడం నాకు చేతకాదు.

ముప్పై ఒక్క శాతం

2020 జులైలో గంజాం ఒడిశాకు తలనొప్పిగా మారింది. రాష్ట్రంలోని కేసుల్లో మూడో వంతు, చావుల్లో సగం వరకు ఈ ఒక్క జిల్లావే. జూన్‌లో వారాంతపు షట్‌డౌన్లు చాలక జులై 17 నుంచి 31 దాకా గంజాంను మరికొన్ని జిల్లాలతో కలిపి పూర్తిగా మూసేశారు. అప్పుడు గొంతు మారింది. మేలో 'మన అన్నదమ్ములు ఇంటికొస్తున్నారు' అన్న ప్రభుత్వం జులైకి 'జనం మాట వినడం లేదు' అంది. మాస్కు లేకపోతే ఏప్రిల్‌లో 200 రూపాయలున్న జరిమానా పెరుగుతూ పోయి, 2021 ఏప్రిల్ నాటికి 2,000 అయింది. గమనించండి, క్వారంటైన్‌లో కూర్చున్నవాడికి ఇచ్చిందీ రెండు వేలే. ఒక ఏడాదిలో ఇచ్చే చేయి తీసుకునే చేయిగా మారింది.

జరిమానాకు జనం ఎలా స్పందిస్తారో మనకు తెలుసు. పోలీసు కనిపించగానే మాస్కు గడ్డం మీంచి ముక్కు మీదికి ఎక్కుతుంది, మలుపు తిరగ్గానే దిగుతుంది. అది జబ్బుకు వేసుకున్న మాస్కు కాదు, రసీదు పుస్తకానికి వేసుకున్నది. ఇందులో జనం తప్పు లేదనను. యాభై మందితో చేసుకోమంటే వందల మందికి భోజనాలు పెట్టిన పెళ్లిళ్లు అటూ ఇటూ కూడా జరిగాయి. పెళ్లికి పోకపోతే ఏమనుకుంటారో అన్న మొహమాటానికి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు మనలో ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు.

ఆగస్టు వచ్చేసరికి గంజాం కేసులు తగ్గడం మొదలైంది. కలెక్టరు విజయ్ అమృత కులంగె పేరు పత్రికల్లో వచ్చింది. ఊరూరా వేసిన కొవిడ్ కమిటీలు, ఇంటింటి సర్వే, దగ్గరివాళ్లను వెతికి పట్టుకోవడం, ఇవన్నీ కలిపి దీన్ని గంజాం నమూనా అన్నారు. ఆ పని జరగలేదని ఎవరూ అనలేరు.

అదే నెలలో ఇంకో లెక్క బయటికి వచ్చింది. భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం బరంపురంలో రక్త నమూనాలు తీసి చూస్తే దాదాపు 31 శాతం మందిలో వైరస్‌కు ప్రతిరక్షకాలు కనిపించాయి. అదే వేళకు భువనేశ్వర్‌లో ఆ సంఖ్య రెండు శాతం లోపే. 2011 జనాభా లెక్కల్లో బరంపురం నగరానిది మూడున్నర లక్షలు. అందులో 31 శాతం అంటే లక్ష దాటుతుంది. అప్పటికి జిల్లా మొత్తం మీద పరీక్షల్లో బయటపడిన కేసులు పది వేల చిల్లర. అంటే పరీక్షకు చిక్కినవాడొకడైతే, ఎవరికీ తెలియకుండా జబ్బు చేసి లేచినవాళ్లు ఎందరో. జనంలో మూడో వంతుకు వచ్చిపోయిన జబ్బు, దానంతటది కొంత నెమ్మదించే అవకాశం లేదా? ఉంది. నమూనా పనిచేసిందా, వైరస్సే ఊరంతా తిరిగి కాస్త అలిసిందా? రెండూ కొంత కొంత అనుకుంటాను. కానీ ఈ ఒక్క అంకె రెండు కథల్నీ కదిలిస్తుంది: 'మేం అదుపు చేశాం' అన్న సర్కారు కథనీ, 'జనం నిర్లక్ష్యం వల్లే పెరిగింది' అన్న పెద్దమనుషుల కథనీ. పట్టు బజారు, ఇరుకు సందులు, కుటుంబమంతా రెండు గదుల్లో ఉండే ఇళ్లున్న ఊరికీ, విశాలమైన క్వార్టర్లతో కట్టిన రాజధానికీ ఉన్న తేడా ఆ 31కీ, ఆ రెండుకీ మధ్య ఉంది. బాధ్యత ఆ సందుల్లో తక్కువా, భువనేశ్వర్‌లో ఎక్కువా? ఇంట్లో గదులు ఎన్ని అన్నదే చాలావరకు తేల్చింది.

స్వీడన్‌లో ఈ మూసివేతలకు ఎదురు ప్రయోగం జరిగింది. ప్రధాన అంటువ్యాధుల నిపుణుడు ఆండర్స్ టెగ్నెల్ సలహా మీద అక్కడ లాక్‌డౌన్ పెట్టలేదు. పౌరుల విచక్షణకు వదిలారు. ఇంటికి నలుగురైదుగురు కాదు, ఒంటరిగా ఉండేవాళ్లు చాలామంది. జబ్బు చేస్తే జీతంతో సెలవుంది. అయినా వృద్ధాశ్రమాల్లో చావులు ఆగలేదు. 2020 డిసెంబరులో ఆ దేశపు రాజే మనం విఫలమయ్యామన్నారు. అంత నమ్మకం, అంత వసతి ఉన్నచోటే విచక్షణ చాలలేదంటే, సూరత్ మెస్సు గదిలో దాన్ని ఆశించడం ఎంత అన్యాయమో చూడండి.

లేచిపోయిన కచేరీ

గంజాంకు ఇది మొదటి మహమ్మారి కాదు. జిల్లాకు పేరిచ్చిన గంజాం పట్నం రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో కోట, కలెక్టరు కచేరీ, వ్యాపారం అన్నీ అక్కడే. 1815లో అక్కడ విషజ్వరం వచ్చింది. జనం పెద్ద సంఖ్యలో చనిపోయారు. కంపెనీ దొరలు ఏం చేశారు? కచేరీ ఎత్తేసుకుని వేరే చోటికి వెళ్లిపోయారు. పట్నం మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు అది జాతీయ రహదారి పక్కన ఒక చిన్న ఊరు, జిల్లా కేంద్రం ఛత్రపురంలో ఉంది. ప్రజల బాధ్యత ప్రజలకు పూర్తిగా వదిలేయడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే అది చాలు.

రెండు వందల ఏళ్ల తర్వాత అదే జిల్లాలో కచేరీ లేచిపోలేదు సరికదా, 503 ముక్కలై ఊళ్లలోకి వచ్చింది. ఈ తేడా చిన్నది కాదు. అయితే వచ్చింది ఎన్నాళ్లు ఉంది? సర్పంచి కలెక్టరు అధికారం జబ్బుతోపాటే వెళ్లిపోయింది. శాశ్వతంగా పంచాయతీకి మిగిలింది ఏమీ లేదు. సూరత్ వాళ్లు కూడా ఎక్కువ రోజులు ఆగలేదు. వర్షాకాలం దాటకముందే మిల్లు యజమానులు బస్సులు పంపి మరీ పిలిపించుకున్నారు. ఊళ్లో పని చూపించడం ఎవరి బాధ్యత అన్న ప్రశ్న అడిగే వ్యవధి లేకుండానే బస్సెక్కారు.

2021 వేసవిలో రెండో అల వచ్చినప్పుడు వాదన సర్కారుకూ జనానికీ మధ్య కాకుండా సర్కారుకూ సర్కారుకూ మధ్యకు మారింది. టీకాలు ఎవరు కొనాలి, ఆక్సిజన్ ఎవరికి ఎంత? ఒడిశా ఉక్కు కర్మాగారాల ఆక్సిజన్ ట్యాంకర్లు పోలీసు కాపలాతో ఆంధ్ర, తెలంగాణల దాకా వచ్చాయి. హైదరాబాదు నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానంలో భువనేశ్వర్‌కు పంపారు. ఆ రోజుల్లో మంచం కోసం, సిలిండర్ కోసం ఫోన్లు పట్టుకు తిరిగినవాడికి పౌర బాధ్యత గురించి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

2022 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో నవీన్ పార్టీ రాష్ట్రంలోని 852 జిల్లా పరిషత్ స్థానాల్లో 766 గెలిచింది. రెండేళ్లు తిరగ్గానే, 2024లో, అదే పార్టీ అధికారం పోగొట్టుకుంది. గంజాం చాలావరకు చేజారింది. సొంత నియోజకవర్గం హింజిలిలో నవీన్ ఐదు వేల లోపు ఓట్ల తేడాతో గట్టెక్కారు. అదే ఏడాది ఆంధ్రలోనూ ప్రభుత్వం మారింది, వాలంటీరు వ్యవస్థ కొనసాగలేదు. రెండుచోట్లా కరోనా ఎన్నికల మాటగా వినిపించలేదు. గుమ్మం ముందు నిలబడ్డ సర్పంచి అధికారం పోయింది, వాలంటీరు పోయాడు. ఆశా అక్క మిగిలింది, గౌరవ వేతనం కోసం ధర్నాలు చేస్తూ.

2024 ఫిబ్రవరిలో కేంద్ర న్యాయ కమిషన్ తన 286వ నివేదికలో 1897 చట్టం ఈ కాలానికి చాలదని రాసింది. కేంద్రం ఏం చేయాలి, రాష్ట్రం ఏం చేయాలి, స్థానిక సంస్థ ఏం చేయాలి అన్నది జబ్బు రాకముందే రాసిపెట్టుకోవాలని సూచించింది. 2022లో ఎన్నికైన ఒడిశా పంచాయతీల ఐదేళ్ల గడువు 2027లో ముగుస్తుంది. గంజాం ఓటర్లు రోడ్డు అడుగుతారు, తాగునీరు అడుగుతారు. 2020లో బడి తాళంచెవి పట్టుకున్న సర్పంచులు మళ్లీ పోటీకి దిగితే అడగాల్సిన ఇంకో సంగతి ఉంది: ఆ నెలల్లో పంచాయతీకి వచ్చిన డబ్బెంత, ఎవరి అన్నానికి ఎంత పోయింది, రెండు వేలు అందనివాళ్లు ఎందరు. ఆ రిజిస్టర్లు ఇంకా పంచాయతీ ఆఫీసు బీరువాల్లో ఉంటే చెదలు పట్టకముందే తీయించి చదివించాలి.